సావధాన్‌కీ సావధానానికీ మధ్య

నేను ఒక ఇత్తడి ఈలను. పొట్టిగా, గుండ్రంగా ఉంటాను. నా కడుపులో శనగగింజంత బెండు గోలీ ఒకటి ఉంది. అది గిరగిర తిరిగితేనే నాకు గొంతు వస్తుంది. ఆ గొంతు మైదానం దాటి కొండ దాకా వినిపిస్తుంది గానీ, స్వతహాగా నేను సిగ్గరిని. ఎవరైనా ఊదితే తప్ప నోరు విప్పను. అందుకే మనుషులు నా ముందు ఏ దాపరికమూ లేకుండా మాట్లాడుకుంటారు.

నేను పుట్టింది ఉత్తరాదిన, ఇరుకు సందులో ఉన్న ఒక కార్ఖానాలో. రేకు కత్తిరించారు, వంచారు, అతికారు. చివరికి ఒక ముసలాయన నా కడుపులో గోలీ వేసి, నోట పెట్టుకుని ఊదాడు. నా మొదటి కేక విని పక్కనున్న పిల్లి పారిపోయింది. ముసలాయన తృప్తిగా తలూపి నన్ను తట్టలో పడేశాడు. నాకు దక్కిన మొదటి మెప్పు అదే.

తట్టలోంచి మిలిటరీ స్టోరుకు, అక్కణ్ణుంచి పెంచలయ్య అనే జవాను మెడలోకి చేరాను. నెల్లూరు మెట్ట ప్రాంతం మనిషి. మంచు కొండల్లో నన్ను ఊదితే పెదవి ఇత్తడికి అంటుకుపోయేది. ఆయన తిట్టుకుంటూనే మళ్ళీ ఊదేవాడు. ఆయన చొక్కా గుండీల మీద వేలాడటం వల్ల నాకొక అలవాటైంది. గుండె చప్పుడు వినడం. తుపాకులు పేలుతున్నా ఆ గుండె ఒకే వరసన కొట్టుకునేది. లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్.

హవల్దారుగా పదవీ విరమణ చేసేనాటికి కూడా ఆయనకు పెళ్ళి కాలేదు. సెలవుల్లో చూసిన ఏ సంబంధమూ సెలవులు అయిపోయేలోగా కుదరలేదు. ఊరికి వచ్చాక కొండ కింద ఉన్న మిలిటరీ బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరాడు. దాన్ని పెట్టింది సుబేదార్ జిలానీ సాహెబు. ఆయనే ప్రిన్సిపాలు, ఆయనే హాస్టలు వార్డెను, వంటవాడు రాని రోజున ఆయనే వంటవాడు. బడికి పేరు పెద్దదే. హాస్టలు కప్పు మాత్రం కురుస్తుంది. సగం మంది పిల్లలకు బూట్లుంటే బెల్టుల్లేవు, సగం మందికి బెల్టులుంటే బూట్లు లేవు. ఏటేటా పిల్లలు తగ్గిపోతున్నారు.

అక్కడ తెలుగు చెప్పే టీచరమ్మ కామాక్షి. సన్నగా, చురుగ్గా ఉంటుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళందరి మాటల్లోనూ తప్పులు దిద్దిందనీ, అందుకే ఎవరూ రెండోసారి రాలేదనీ వంటశాలలో చెప్పుకునేవారు. ఆమె మొదటి పీరియడూ, మా హవల్దారు పరేడూ రోజూ ఢీకొనేవి. పరేడు సాగినంతసేపూ ఆమె వరండాలో సుద్దముక్క పట్టుకుని నిలబడేది. ఆ చూపుకు నేను వేడెక్కిపోయేదాన్ని.

అసలు గొడవ ఒక్క మాట దగ్గర మొదలైంది. ఆ ఉదయం హవల్దారు ఛాతీ విరిచి "సావధాన్!" అని అరిచాడు. ముందు వరస పిల్లలు టపీమని మడమలు కలిపారు. వెనక రెండు వరసలూ మాత్రం కాలు మెల్లగా లేపి, గాల్లో కాస్త ఆలోచించుకుని, జాగ్రత్తగా దించారు.

"ఒరే అబ్బయా, ఏందిరా ఆ కాలు? బురదలో దిగతుండావా?"

"కాదు సార్. సావధానం అంటే తొందర పడకుండా అని టీచర్ చెప్పిందండీ. మా జేజి కూడా సావధానంగా తినరా అంటాది."

హవల్దారు గుండె నా కింద మొదటిసారి వరస తప్పింది. అది కోపమనే నేను అనుకున్నాను. నేరుగా తెలుగు క్లాసులోకి నడిచాడు.

"ఏం మేడమ్, పిలకాయలకు ఏం నేర్పతుండారు మీరు?"

"తెలుగండీ."

"సావధాన్ అంటే ఎద్దు తోక ఊపినట్టు కాళ్ళు ఊపతుండారు!"

"సావధానం అంటే మనసు పెట్టి, నిదానంగా అని అర్థం సార్. నేనేం తప్పు చెప్పలా. మీరే ఆ మాట తోక కోసి వాడుకుంటుండారు."

"రేపు శత్రువు వచ్చినప్పుడు కూడా సావధానంగా కాలు దించమంటారా?"

"శత్రువు సంగతి నాకు తెలవదు. మన బడికైతే సావధానంగా కూడా ఎవరూ వచ్చి చేరడంలా. ముందు అది చూడండి."

పిల్లలు పుస్తకాల వెనక మొహాలు దాచుకున్నారు. హవల్దారు నన్ను నోట పెట్టుకుని ఊదేశాడు. క్లాసులో ఈల ఊదినందుకు జిలానీ సాహెబు ఆయన్ను పిలిచి మందలించాడు. ఆ తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. మద్రాసు నుంచి ఒక ట్రస్టు పెద్దాయన పరేడు చూడటానికి వస్తున్నాడు. నచ్చితే బడి బాధ్యత వాళ్ళు తీసుకుంటారు. నచ్చకపోతే ఈ ఏడాదితో బడికి తాళం.

"తాళం పడితే పిల్లలు ఎక్కడికో ఒకచోటికి పోతారయ్యా. మరి మీరు?" అన్నాడు సాహెబు.

హవల్దారుకు తెలుసు. ఏదో పట్నంలో అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీ. కామాక్షికీ తెలుసు. అన్న ఇంట్లో ఒక మూల, మళ్ళీ పెళ్ళిచూపులు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కానీ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు ఆయన పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు. ఆ ఛాతీ మీద వేలాడే నాకు అది పెద్ద వార్తే.

ఆ రోజు నుంచి హవల్దారు గొంతు చించుకున్నాడు. అది నిజంగానే చిరిగింది. పెద్దాయన వచ్చేలోగా గొంతులోంచి గాలి తప్ప మాట రాకుండా పోయింది. డాక్టరు నోరు తెరవవద్దన్నాడు. ఆయన మైదానంలో నిలబడి చేతులు ఊపుతుంటే పిల్లలకు నవ్వు ఆగలేదు. అప్పుడు వరండాలోంచి కామాక్షి దిగి వచ్చింది.

"ఆ ఈల ఇటివ్వండి. ఒక పొడుగు ఊదితే సావధాన్, రెండు పొట్టివి ఊదితే విశ్రామ్. మాటే లేకపోతే మనకు తగువే లేదు."

హవల్దారు నన్ను మెడలోంచి తీశాడు. ఇన్నేళ్ళలో ఇంకొకరికి ఇవ్వడం అదే మొదలు. ఇచ్చేముందు రుమాలుతో తుడిచాడు. చాలదనిపించి మళ్ళీ తుడిచాడు.

"చాల్లెండి, అరిగిపోద్ది," అంది ఆమె.

ఆమె ఊపిరి వేరు. హవల్దారుది ఆజ్ఞ అయితే ఆమెది పిలుపు. పిల్లలు ఇద్దరికీ కదిలారు, ఆమెకు కాస్త నవ్వుతూ కదిలారు. హవల్దారు వరసల మధ్య తిరుగుతూ భుజాలు సరిచేశాడు, ఆమె ఊదింది. ఒకరికి గొంతు లేదు, ఒకరికి డ్రిల్లు రాదు. కలిపి చూస్తే ఒక మాస్టారు తయారయ్యాడు.

పరేడు ముందురోజు ఆమె నన్ను ఇంటికి తీసుకువెళ్ళి, ఇత్తడి చెంబులతో పాటు చింతపండు పెట్టి తోమింది. మిలిటరీ పాలిష్ ఎన్నడూ ఇవ్వని మెరుపు వచ్చింది నాకు. పొద్దున నన్ను చూసి హవల్దారు కళ్ళు చికిలించాడు. నేను గర్వంతో పొంగిపోయాను. కడుపులో ఏదో పుల్లపుల్లగా ఉన్నా పట్టించుకోలేదు.

మద్రాసు పెద్దాయన వచ్చాడు. తెల్ల ప్యాంటు, చేతికర్ర, మొహంలో ఏ భావమూ లేదు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. జిలానీ సాహెబు టోపీ సర్దుకున్నాడు. కామాక్షి నన్ను పెదవుల మధ్య పెట్టుకుని ఊదింది.

నేను పలకలేదు.

మళ్ళీ ఊదింది. బుస్సుమంది. చింతపండు పీచు ఒకటి నా గోలీకి చుట్టుకుపోయింది. వంద మంది కళ్ళు నా మీదే ఉన్నాయి. పెద్దాయన చేతిగడియారం చూసుకున్నాడు. హవల్దారు నోరు తెరిచాడు, గాలి వచ్చింది. ఆ గాలిని ఆమె ఒక్కతే విన్నట్టుంది. నన్ను కిందికి దించి, పద్యం ఎత్తుకునే గొంతుతో, సాగదీసి పిలిచింది.

"సావధా...నం!"

ఆ మాట తెలుగు క్లాసుది. పిల్లలందరూ ఆ క్లాసు పిల్లలే. కాళ్ళన్నీ కలిసి మెల్లగా లేచాయి. ఆ 'నం' కోసం గాల్లో ఆగాయి. 'నం' రాగానే నేల మీదికి దిగాయి. ఒక్కటే చప్పుడు. కొండ దాకా పోయి తిరిగి వచ్చింది. ముందు వరస, వెనక వరస, బూట్లున్నవాళ్ళు, లేనివాళ్ళు, ఎవరూ తప్పలేదు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఇన్ని పరేడ్లు చూశాను గానీ, ఇంత తీరుబడిగా ఇంత కలిసికట్టుగా చేసింది చూడలేదు. ఇది ఎవరి పద్ధతి?"

కామాక్షి హవల్దారును చూపించింది. హవల్దారు కామాక్షిని చూపించాడు. జిలానీ సాహెబు ఇద్దరినీ చూపించాడు.

బడి నిలిచింది. సాయంత్రం వరండా మెట్ల మీద హవల్దారు చీపురుపుల్లతో నా కడుపులోని పీచు తీస్తూ కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడింది.

"మిలిటరీ సొత్తును చింతపండుతో తోముతారా ఎవరైనా?" గొంతు కీచుమంది.

"డాక్టరు మాట్లాడొద్దన్నాడు మిమ్మల్ని."

"ఈ ఒక్కటి అడిగి ఆపేస్తా. మాటల్లో తప్పులుంటే దిద్దుకోండి." ఆగాడు. "నన్ను... చేసుకుంటారా?"

"ఎవర్ని, ఏం చేసుకోవాల? వాక్యం పూర్తిగా చెప్పండి."

"నేను మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటుండా. కామాక్షి గారూ."

"తప్పుల్లేవు," అంది ఆమె, మెట్టు మీద కూర్చుంటూ.

నేను ఆయన అరచేతిలో ఉన్నాను. అరచేతిలోనూ గుండె వినిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. వరస పూర్తిగా తప్పింది. కోపం కాదు.

పెళ్ళి బడి ఆవరణలోనే జరిగింది. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకునే పని పెద్ద క్లాసు పిల్లలిద్దరికి ఇచ్చారు. నేను పెళ్ళికొడుకు మెడలో, పూలదండ కింద ఉన్నాను. పురోహితుడు ముహూర్తం దగ్గరపడుతుండగా గొంతెత్తాడు.

"సుముహూర్తే సావధాన!"

చాపల మీద కూర్చున్న బడి మొత్తం టపీమని లేచి నిలబడింది. తెర పట్టుకున్న పిల్లలిద్దరి చేతులూ పక్కలకు వచ్చాయి. తెర కింద పడింది. జీలకర్ర బెల్లం ముద్ద పట్టుకుని పెళ్ళికొడుకు కూడా పీటల మీద నిటారుగా నిలబడి ఉన్నాడు, చూపు కొండవైపు. పురోహితుడి నోట మంత్రం ఆగిపోయింది.

వంచిన తల ఎత్తకుండానే పెళ్ళికూతురు అంది.

"విశ్రామ్."

అందరూ కూర్చున్నారు. పెళ్ళికొడుకు అందరికంటే ముందు.

ఇప్పుడు మైదానంలో కొత్త ఈలలు వచ్చాయి. రంగురంగుల ప్లాస్టిక్‌వి. నేను వాళ్ళింటి వంటగదిలో చింతపండు జాడీ పక్కన మేకుకు వేలాడుతున్నాను. తగవు పెద్దదైనప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి నన్ను అందుకుంటారు. ముందు అందుకున్నవారిదే గెలుపు. ఎక్కువసార్లు ఎవరు అందుకుంటారో నాకు బాగా తెలుసు. చెప్పను. ఎవరైనా ఊదితే తప్ప నోరు విప్పని దాన్ని కదా.