గుమ్మం దాటని పుస్తకం

నేను ఒక ముసలి పుస్తకాన్ని. నా పేరు 'సుఖప్రసవ చంద్రిక'. పేరు చూసి కావ్యమనుకునేరు. కాన్పు ఎలా చేయాలో మంత్రసానులకు నేర్పడానికి పుట్టినదాన్ని. తెల్లదొరల కాలంలో రాజమండ్రిలో ఒక అచ్చుకూటంవాళ్ళు అక్షరం అక్షరం పేర్చి నన్ను అచ్చువేశారు. ఎర్ర తోలు అట్ట, వీపు మీద బంగారు గీత, మొదట్లో పండితుల మెచ్చుకోలు పద్యాలు. పెళ్ళికి ముస్తాబైనట్టు ఉండేదాన్ని.

నన్ను రాసినవారు తునిలో వైద్యం చేసే వేమకోటి కామేశంగారు. మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదువుకుని వచ్చిన మనిషి. మగ డాక్టరు పురిటిగది గుమ్మం తొక్కడం ఆ రోజుల్లో లేదు. బాలింతకు జ్వరం ఎంత ఉందో కూడా గోడ ఇవతల నిలబడి అడిగి తెలుసుకోవలసిందే. అలా గోడల ఇవతల నిలబడి ఎందరో తల్లులు పోవడం విన్నారాయన. ఆ బాధంతా నాలో పోశారు. అయితే పోసింది గ్రాంథికంలో. నెత్తురు అనవలసిన చోట రుధిరమన్నారు, మాయ అనవలసిన చోట జరాయువన్నారు. పండితులు కూడా భేష్ అనాలని చిన్న కోరిక. మనుషులకు అది తప్పదు కాబోలు.

అచ్చుతప్పులు చూడడానికి ఆయనకు తోడు కూతురు మాణిక్యాంబ. పెళ్ళయినా ఇంకా కాపురానికి వెళ్ళని పిల్ల. చదువుతూ చదువుతూ ఆగి, "జరాయువంటే ఏమిటి నాన్నగారూ?" అనేది.

"మాయ తల్లీ."

"మరి మాయ అనే రాయొచ్చుగా?"

ఆయన నవ్వి తర్వాతి పేజీ తిప్పేవారు.

నేను ఆయన సొంత ప్రతిని కనక ఆయన బల్లమీదే ఉండిపోయాను. నా తోబుట్టువులను ప్లీడర్లూ తాసీల్దార్లూ కొనుక్కుని, ఆడపిల్లల కంటబడకుండా బీరువాల్లో పెట్టి తాళం వేసుకున్నారు. మమ్మల్ని చదవగలిగినవాళ్ళకు పురిటిగదిలోకి దారి లేదు, దారి ఉన్నవాళ్ళకు చదువు లేదు.

కొన్నేళ్ళకు మాణిక్యాంబ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని నూకాలు వచ్చింది. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి ఆవిడది. కామేశంగారు గదివైపు వెళ్ళబోతే భార్య సుందరమ్మగారు అడ్డంగా నిలబడ్డారు.

"మీరు ఇటు రాకూడదండీ. కన్నతండ్రయినా మగవారేగా."

"నేను డాక్టర్ని సుందరం."

"ఊరికి. ఈ గదికి కాదు."

ఆయన నన్ను చంకలో పెట్టుకుని పెరటివైపు కిటికీ కింద చేరారు. కిటికీకి లోపల దుప్పటి కట్టేశారు.

బిడ్డ ఏడుపు వినిపించింది. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. కాసేపటికి లోపలి గొంతులు మారాయి. మాయ పడలేదు, నెత్తురు ఆగడం లేదు.

"బొడ్డుతాడట్టుకుని లాగీమంటారేటి అమ్మగోరూ?" అంటోంది నూకాలు.

అలా లాగినచోట ఏం జరుగుతుందో కామేశంగారికి తెలుసు. కంగారులో మామూలు మాట నోటికి రాలేదు. నన్ను తెరిచి గొంతెత్తి చదివారు.

"నాభిరజ్జువును ఆకర్షింపరాదు. గర్భాశయోర్ధ్వభాగమును కరతలముతో మర్దింపవలెను. శిశువునకు తత్క్షణమే స్తన్యపానము గావింపవలెను."

"పంతులుగోరు మంత్రాలు సదువుతున్నారేటమ్మా?" అంది నూకాలు. ఎగతాళికి కాదు, భయపడే అడిగింది.

నాకు సిగ్గేసింది. లోపల ఒక ప్రాణం జారిపోతుంటే నేను సమాసాలు వల్లిస్తున్నాను.

అప్పుడు మాణిక్యాంబ గొంతు వినిపించింది, నూతిలోంచి వచ్చినట్టు.

"నూకాలూ, లాగకు. బొడ్డు కింద చెయ్యేసి గుండ్రంగా నిమురు. గట్టిపడేదాకా ఆపకు. అమ్మా, పిల్లనిలా ఇయ్యి. పాలు పట్టాలి."

"మూడోనాడు కాకుండా పాలేమిటే? ముర్రుపాలు పిల్లకి చేటు."

"అది నోరు పెడితే నాకు నెత్తురు తగ్గుతుందమ్మా. నాన్నగారు చదివింది అదే."

ఆ తర్వాత మాటలు వినిపించలేదు. కామేశంగారు నన్ను గుండెకు అదుముకుని గోడవార కూలబడ్డారు. ఆ గుండె కొట్టుకోవడం నా అట్టకు తెలుస్తూనే ఉంది.

చాలాసేపటికి సుందరమ్మగారు పెరట్లోకి వచ్చారు. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. మాయ పడిందని, గండం గడిచిందని చెప్పారు.

"పాలు నేనే పట్టించానండీ," అన్నారు. "మీ పుస్తకం మీ అమ్మాయికి తప్ప ఎవరికీ తెలిసేలా లేదు. అమ్మాయే చెబుతుంది, కూర్చుని మళ్ళీ రాయండి."

ఆయన రాశారు. పురుడు వెళ్ళేదాకా ఆ కిటికీ కిందే పీట వేసుకుని ఆయన, లోపల ఒళ్ళో బిడ్డతో మాణిక్యాంబ. నూకాలు "తెలిసిందమ్మా" అన్న మాటనే కాగితం మీద పెట్టారు. జరాయువు పోయి మాయ వచ్చింది. పద్యాలు పోయాయి. పలచని కాగితంతో, నడుమున దోపుకునేంత పుస్తకం తయారైంది. అట్టమీద తండ్రీకూతుళ్ళ పేర్లు రెండూ వేశారు.

మంత్రసానులు దాన్ని ఎవరిచేతనో చదివించుకుని పురిటిగదుల్లోకి పట్టుకెళ్ళారు. ఆ గదిలోకి వెళ్ళింది ఏదైనా మైలే కనక పురిటిస్నానం నాడు పాత చాపతోపాటు దాన్నీ తగలబెట్టేవారు. మళ్ళీ కాన్పు వస్తే ఇంకొకటి కొనుక్కునేవారు. అచ్చయినవన్నీ అలాగే ఖర్చయిపోయాయి.

నేనిప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పక్కన 'అరుదైన గ్రంథం' అని చీటీ. పరిశోధకులు వచ్చి నన్ను మెల్లగా తిరగేసి, ఆ చిన్న పుస్తకం ఒక్కటైనా మిగల్లేదే అని నిట్టూరుస్తారు. ఎలా మిగులుతుంది? అది లోపలికి వెళ్ళింది. నేను బయటే ఉండిపోయాను, అందుకే ఇంత భద్రంగా ఉన్నాను.