తలుపు మీద నొక్కితే

భర్త చొక్కా కాలర్ మీద ఆమె ఇస్త్రీపెట్టె నడుపుతుండగా వెనక నుంచి ఆయన మాట వినపడింది. "రేపు నేనూ వస్తున్నా. అక్కడ ఏం వెలగబెడుతున్నావో చూద్దాం."

ఆమె చెయ్యి ఆగింది. గుడ్డ మాడిపోతుందని గుర్తొచ్చి మళ్ళీ కదిలింది. "అలాగేనండీ," అంది.

అందులో భయపడాల్సిన మాట ఏముంది? పిల్లలు చేసిన వెబ్ పేజీలు చూడ్డానికి తల్లిదండ్రులందరినీ పిలిచారు. కూతురు గువ్వ కూడా ఆ పిల్లల్లో ఒకతె. తండ్రి వస్తాననడంలో వింతేమీ లేదు. కానీ ఆయన దేన్నైనా చూడ్డానికి వచ్చాడంటే, ఆ తర్వాత అది ఆమెది కాకుండా పోయేది. పెళ్ళికి ముందు నుంచీ ఆమెకు వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం ఉండేది. పెళ్ళయ్యాక ఒకసారి ఆయన ఆఫీసుకొచ్చి చూసి వెళ్ళాడు. "అంతమంది మగవాళ్ళ మధ్య నీకేం పని?" అన్నాడు. ఇప్పుడు లైబ్రరీ మేడ మీద గదిలో శనివారాలు, ఇంటర్నెట్ అంటే ఏమిటో అప్పుడే తెలుసుకుంటున్న పిల్లలకు సొంత పేజీలు చేసుకోవడం నేర్పుతోంది. అది ఉద్యోగంలా కనిపించలేదు కాబట్టే ఒప్పుకున్నాడు. "పిల్లల్ని ఆడించి రావడానికి కూడా ముస్తాబా?" అనేది అత్తగారు. ఇంటికి రాగానే ఆయన ఫోన్ కోసం చెయ్యి చాపేవాడు. ఎవరెవరితో మాట్లాడిందో చూసుకుని తిరిగిచ్చేవాడు. ఆయన చెయ్యి చేసుకున్నది ఒక్కసారే. ఆ తర్వాత గొంతు తగ్గించి పేరు పెట్టి పిలిస్తే సరిపోయేది.

మేడ మీది గదిలో మాత్రం ఆమె వేరే మనిషి. ఒకడు తన పేజీలో, తనకు ఊడిన పళ్ళన్నిటికీ ప్రదర్శనశాల కట్టాడు. ఒక్కో పన్ను మీద నొక్కితే అది ఎలా ఊడిందో కథ వస్తుంది. ఒక పాప తన మేకపిల్ల చేత అరిపించింది. మేక అరిచిన ప్రతిసారీ గదంతా విరగబడి నవ్వేది, వాళ్ళతో పాటు ఆమె కూడా. మొదటిరోజే వాళ్ళకు గట్టిగా చెప్పింది, ఒకరి పేజీని వాళ్ళని అడక్కుండా ఇంకొకరు ముట్టుకోకూడదని. చివరగా ఇచ్చిన పని, 'మా ఇల్లు'.

మర్నాడు తల్లిదండ్రులు రాకముందే అన్ని పేజీలూ సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూస్తూ ఆమె గువ్వ పేజీ దగ్గరికొచ్చింది. కూతురు ఇల్లు చక్కగా గీసింది. వంటింటి మీద నొక్కితే పొయ్యి దగ్గర అమ్మ, ఆమె కూనిరాగం. తన గొంతే. ఎప్పుడు రికార్డు చేసిందో. నవ్వుకుంటూ వీధి తలుపు మీద నొక్కింది.

పాట తెగిపోయింది. గదుల్లో దీపాలన్నీ ఆరిపోయాయి. అమ్మ బొమ్మ చిన్నదైపోతూ గింజంతై పొయ్యి వెనక్కి చేరింది. కింద అక్షరాలు వచ్చాయి: 'నాన్న వచ్చారు. ఎవరూ మాట్లాడకండి.'

తీసేయడం ఎంతసేపు? కంప్యూటర్ మొరాయించిందంటే అడిగేదెవరు? వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి.

"తప్పొచ్చిందా అమ్మా?" గువ్వ ఎప్పుడొచ్చిందో వెనకే నిలబడి ఉంది.

"లేదు. బాగా చేశావు. కానీ ఆ తలుపు... తీసేద్దామా?"

"ఎందుకు? పని చేస్తోందిగా."

"నాన్న చూస్తారే."

గువ్వ తెరకేసి చూసింది. "నాకు తెలిసిన ఇల్లు అదే కదమ్మా. ఇంకేం పెట్టను?"

పిల్లకేమీ తెలియదని ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకున్న ధైర్యం అక్కడికక్కడే కూలిపోయింది. తను మాట మింగుకున్న ప్రతిసారీ ఆ పిల్ల పక్కన నిలబడి నేర్చుకుంటూనే ఉంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "సరే. ఉంచు."

మధ్యాహ్నానికి గది నిండింది. ఆయన ముందువరసలో కూర్చున్నాడు. పళ్ళకు చప్పట్లు కొట్టారు, మేకకు నవ్వారు. గువ్వ వంతు వచ్చింది. కూనిరాగం విని ఎవరో 'ఎంత బాగుందో' అన్నారు. గువ్వ తలుపు మీద నొక్కింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆయనే నవ్వాడు. చుట్టూ తిరిగి చూస్తూ అన్నాడు, "మా అమ్మాయికి ఊహలెక్కువ." తర్వాత గొంతు తగ్గించి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. "అంతే కదా? చెప్పు, అంతా ఊహే కదా?"

ఎన్ని ఇళ్ళలో, ఎందరి ముందు ఆ 'అవునండీ' అప్పజెప్పిందో. ఇప్పుడూ నాలుక చివరి దాకా వచ్చింది. బల్ల దగ్గర నిలబడ్డ గువ్వ తండ్రిని చూడడం లేదు, తననే చూస్తోంది. అవునంటే రేపటినుంచి ఈ పిల్ల తన కళ్ళను తనే నమ్మదు. బల్ల అంచు పట్టుకుంది.

"ఊహ కాదండీ," అంది. "మా ఇల్లే."

ఆయన లేచి, ఆమె పక్కగా వెళ్తూ చిన్నగా అన్నాడు. "కార్లో ఉంటా. ఇద్దరూ రండి. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

అందరూ వెళ్ళాక లైబ్రేరియన్ కుర్చీలు సర్దుతున్నట్టు అక్కడక్కడే తిరిగింది. "తాళం నా దగ్గరే ఉంటుందమ్మా, తొందరేం లేదు. కిందికి నేనూ వస్తాను," అంది. ఆ మాట వినగానే ఆమె తన అక్కకు ఫోన్ చేసింది. "అక్కా, మేమిద్దరం నీ దగ్గరికొస్తున్నాం. ఎన్నాళ్ళో తెలీదు." "రండే," అంది అక్క.

మెట్లు దిగుతుంటే గువ్వ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, భయమేస్తోందా?"

ఎప్పుడూ లేదనే చెప్పేది. "వేస్తోందే," అంది. "చాలా వేస్తోంది."

గేటు బయట ఆయన కారు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. లైబ్రేరియన్ ఒక పక్క, గువ్వ ఒక పక్క, ఆమె దాన్ని దాటుకుని బస్టాపు వైపు నడిచింది.