పడుకోబెట్టి చేసిన పరీక్ష

నీళ్లకూ కరెంటుకూ ఒకే పెట్టెలో కాపురం పెట్టించిన మహానుభావుడెవరో దొరికితే కడిగిపారేయాలని నాకెప్పుడూ ఉంటుంది. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నీళ్లతో చల్లబడేది వచ్చిందంటే ఒళ్లు మండుతుంది. మా అన్నయ్యకేమో అదే పిచ్చి. తన కంప్యూటర్లో పంపూ పైపులూ అన్నీ తనే బిగించుకున్నాడు.

అన్నయ్య పోయిన ఏడాదికి వదిన ఆ పెట్టెను నా షాపుకు తెచ్చింది.

"ఆయన గొంతు మర్చిపోతున్నాను. వీడియోలన్నీ ఇందులోనే దాచారు. ఒక్కసారి వినిపించు, చాలు."

డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్లో పెడదామంటే అన్నయ్య దానికి డిజిటల్ తాళం వేశాడు. తాళంచెవి బోర్డు మీది చిప్పులో ఉంది. బోర్డు కాలితే వీడియోలు పోయినట్టే. అయినా మామూలు ఫ్యాను బిగిస్తే పనైపోయేది. వదిన ఏది బిగించినా కాదనేది కాదు. అన్నయ్య నడిపినట్టే నడపాలన్న పంతం నాదే.

పాత నీళ్లు వంచేస్తే పచ్చగా పాచి వచ్చింది. పైపులు మార్చాను, రబ్బరు రింగులు మార్చాను, కొత్త నీళ్లు పోశాను. ఒక్క పంపుకే కరెంటిచ్చి, ప్రతి అతుకు కిందా టిష్యూ కాగితం పరిచాను. ఇరవై నాలుగు గంటలు ఆగాను. ఒక్క కాగితమూ తడవలేదు.

కాగితాలు పరవడానికి వీలుగా ఉంటుందని పెట్టెను బల్ల మీద పడుకోబెట్టాను. అన్నయ్య అలా చేసేవాడు కాదు. "నిలబడి పనిచేసేదాన్ని నిలబెట్టే చూడాల్రా" అనేవాడు. "దానికీ కాళ్లనొప్పులొస్తాయా అన్నయ్యా?" అని నేను నవ్వేవాణ్ణి.

మర్నాడు పెట్టెను నిలబెట్టి, వదినను పిలిచి ఆన్ చేశాను. ఆమె పాస్‌వర్డ్ కొట్టి ఒక వీడియో తెరిచింది. వరండాలో బట్టలు మడతపెడుతున్న వదిన కనిపించింది. కెమెరా వెనక అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

టప్‌మని చప్పుడైంది. తెర నల్లబడింది. కాలిన వాసన వచ్చింది.

"ఆపేశావేం? ఇప్పుడే మాట్లాడబోతున్నారు," అంది వదిన.

పడుకోబెట్టినప్పుడు బోర్డు మీద ఆనుకున్న పైపు, నిలబెట్టేసరికి వేలాడి అతుకును లాగింది. నాలుగు చుక్కలు పడి బోర్డు కాలిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

వదిన టిష్యూ తీసి బోర్డును మెల్లగా అద్దింది.

"మీ అన్నయ్య ఉంటే ఏమని తిట్టేవారు?"

"ఎందుకు వదినా ఇప్పుడు..."

"ఆయనలాగే అను. నీకు వచ్చుగా."

చిన్నప్పటినుంచీ తిన్న తిట్లే. నోరు తెరిచి అన్నాను: "ఒరే తొందరపాటు సన్నాసీ! నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

వదిన కళ్లు మూసుకుని విన్నది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది.

"కాదు. ఇలా కాదు."

ఇంకోసారి అన్నాను. అదీ కాదంది. మరెలా ఉండేదో ఇద్దరం చెప్పలేకపోయాం.