గ్రిల్లు తోమిన రోజు

మూడో బకెట్టు నీళ్ళు కూడా నల్లబడ్డాయి. అతను వాటిని గోడవారన పారబోసి, మళ్ళీ వేణ్ణీళ్ళు పట్టి, గుప్పెడు సోడా కలిపి, గ్రిల్లు మీది ఇనపజాలీని అందులో ముంచాడు. పెరట్లో ఆ బొగ్గుల గ్రిల్లుని పట్టించుకున్నవాళ్ళు లేక రెండేళ్ళయింది. లోపల పాత బూడిద వానకి తడిసి, ఎండకి ఎండి, సిమెంటులా బిగుసుకుపోయింది. మూత లోపలి జిడ్డు రేకుతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది.

వరండాలో దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్న అక్క అతన్నే చూస్తోంది.

"ఒరేయ్, దాన్నేమైనా పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నావా?"

"ఇదిగో, అయిపోయిందక్కా."

"పొద్దుట్నించీ ఇదే మాట."

నిన్న డాక్టరు అతన్ని పక్కకి పిలిచి, ఇక ఆవిడ ఏమడిగితే అది పెట్టండి అన్నాడు. ఆ మాటకి అర్థం తెలియనంత అమాయకుడు కాదతను. ఇంటికొచ్చి ఏం తింటావని అడిగితే, బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న కంకి కావాలంది. నెల రోజులుగా జావ కూడా సరిగ్గా మింగని మనిషి నోరు తెరిచి ఒకటి అడిగింది. పొద్దున్నే వెళ్ళి, గోటితో గిచ్చి చూసి మరీ లేత కంకులు ఏరి తెచ్చాడు.

వచ్చీ రాగానే నిప్పు పెట్టి ఉండవలసింది. కానీ మూత ఎత్తి లోపల చూశాక అతని చేతులు ఊరుకోలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా అతను కాలేజీ క్యాంటీన్లో గిన్నెలు తోముతున్నాడు. చేరిన కొత్తలో వంటమేస్త్రి ఒక పెద్ద గిన్నె లోపల వేలు పెట్టి రాసి, ఆ జిడ్డు వేలిని అందరి ముందూ అతని చొక్కాకి తుడిచాడు. వెనకాల ఎవరో నవ్వారు. ఆనాటి నుంచి అతని చేతిలోంచి జిడ్డు గిన్నె పొయ్యి మీదికి వెళ్ళింది లేదు. 'అద్దం' అని పేరు పడింది. ఇన్నేళ్ళ బతుకులో అతను సంపాదించుకున్న మంచిమాట అదొక్కటే. పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. మొగుడు పోయిన అక్క, సోడాకి ఒరిసిపోయిన తమ్ముడి వేళ్ళకి సాయంత్రాలు నూనె రాస్తూ, "మొద్దు చేతులు, మొద్దు చేతులు" అని తిడుతూ ఉండేది.

"నిప్పు తగిలితే ఆ మసి అదే కాలిపోతుంది కదరా. అంటించెయ్," అంది మధ్యాహ్నం.

"ఈ కంపులో కాల్చింది నీ నోట్లో పెడతానా? ఒక్క పది నిమిషాలు."

"నీ పది నిమిషాలు నాకు తెలీవూ!" అంటూ నవ్వబోయి దగ్గింది.

తర్వాత ఆమె ఏమీ అనలేదు. అతనూ తలెత్తలేదు. వైరు బ్రష్షుతో ఒక్కో కమ్మీని పైనా కిందా తోమాడు, బ్రష్షు దూరని మూలల్లో గుడ్డ చుట్టిన పుల్లతో గీకాడు. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొత్త బొగ్గులు పేర్చి, పైన జాలీ అమర్చాడు. ఎండ గోడ దిగిపోతోంది. కమ్మీ మీద వేలితో రాసి చూసుకున్నాడు. వేలికి మరక లేదు.

"అక్కా, ఇటు చూడు. అద్దం!"

ఆమె తల ఒక పక్కకి వాలి ఉంది. నిద్రపట్టిందనుకుని గొంతు తగ్గించాడు. చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉండిపోయాడు.

మెట్టు మీద కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఉన్న మసితోనే అంటించి ఉంటే ఆమె పొద్దున్నే తినేది. ఆ సంగతి అతనికి తెలుసు, బతికున్నన్నాళ్ళూ మరిచిపోలేడు కూడా.

పక్కింటావిడ వచ్చింది, ఇంకెవరో వచ్చారు, ఆమెని దుప్పటితో సహా లోపలికి మోసుకెళ్ళారు. ఖాళీ కుర్చీలో ఒకటి మిగిలింది. బొగ్గులు విసరడానికని చెప్పుల పెట్టె మూత చింపి, చేతికి పట్టుగా ఉండేలా ఒక అంచు మడిచి, ఆమె దుప్పటి కింద సిద్ధం చేసుకున్న అట్టముక్క.