ఉప్పు నువ్వే వేసుకో

దేవరకొండ డిపోలో బస్సు నడిపినన్నాళ్ళూ, ఇంజను పక్క సీటులో కూర్చున్న మనిషిని ఇంటిపేరు అడక్కుండా కొండల్ రావు ఒక్క స్టేజీ కూడా దాటించి ఎరగడు. ఇంటిపేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే వరుస తెలుస్తుంది, వరుస కలిసిందా, ఆ మనిషి డ్రైవరుకు టీ తాగించకుండా బస్సు దిగలేడు. అంతటివాడు కూతురు సుధేష్ణ ఇంటికని ఐర్లండ్ వచ్చి, అత్లోన్‌లో చలికాలమంతా ఒక్కరినీ ఇంటిపేరు అడక్కుండా గడిపాడంటే అక్కడి చలి ఎలాంటిదో మీరే ఊహించుకోండి. నోరు తెరిస్తే పళ్ళు బిగుసుకుపోయేవి. అవి కట్టుడు పళ్ళయినా సరే.

చలి తగ్గేసరికి కరోనా వచ్చింది. విమానాలు ఆగిపోయాయి. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటొద్దన్నారు. ఆ దేశంలో దానికి కకూనింగ్ అని ముద్దుపేరు. పట్టుపురుగు గూట్లో ఉన్నట్టు ఇంట్లో ఉండాలన్నమాట.

"పట్టుపురుగే నయం. దానికి ఆకులు తెచ్చేస్తరు," అన్నాడు కొండల్ రావు.

"నీకు మూడు పూటల వండి పెడ్తలేనా?" అంది ఆయన భార్య నాగరత్నం.

ఇక మిగిలింది ఇంటి వెనక పెరడు. పెరటికి చెక్కల కంచె. కంచెకు అవతల రోజూ పొద్దున్నే ఒక ముసలాయన టీ కప్పుతో నిలబడి ఆకాశం వంక చూస్తుండేవాడు. చెక్ దేశం నుంచి ఎప్పుడో వచ్చి, ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో పనిచేసి, మౌరీన్ అనే ఐరిష్ ఆవిణ్ణి పెళ్ళి చేసుకున్నాడు. మౌరీన్ పోయి రెండేళ్ళయింది. పిల్లల్లేరు. పేరు అంతోనీన్. వీధిలో వాళ్ళందరికీ టోనీ.

"టోనీ సరే. ఇంటిపేరేంది?" అని కంచె మీదుగా అడిగేశాడు కొండల్ రావు.

ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. ఐరిష్ వాళ్ళు గడగడా మాట్లాడితే ఇద్దరూ తెల్లమొహం వేసేవారు గాని, వాళ్ళిద్దరికీ మాత్రం ఒకరి మాట ఒకరికి ఇట్టే తెలిసిపోయేది.

"ఒసొల్సొబ్యే," అన్నాడు అంతోనీన్.

"అబ్బో! ఇది పలకాల్నంటె పళ్ళు తీసి జేబుల పెట్టుకోవాలె. అర్థమేంది?"

"ఉప్పు నువ్వే వేసుకో."

"దేంట్ల?"

"దేంట్లోనూ కాదు. మా ఇంటిపేరుకి అర్థం అదే."

కొండల్ రావుకి పండగ వచ్చినట్టయింది. కంచె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అంతోనీన్ చెప్పుకొచ్చాడు. వాళ్ళ దేశంలో ఇలాంటి ఇంటిపేర్లు కొన్ని ఉన్నాయి. రొట్టె తినకు అని ఒకరి ఇంటిపేరు. పొలంలోకి దూకు అని ఇంకొకరిది. పూర్వం ఊరివాళ్ళు వేళాకోళానికి పిలుచుకున్న పేర్లు. తర్వాత ఒక చక్రవర్తి, ప్రతి కుటుంబానికీ మార్చడానికి వీల్లేని ఇంటిపేరు ఉండి తీరాలన్నాడు. అంతే, ఆనాటి వేళాకోళం మనవళ్ళ మనవళ్ళకు కూడా అంటుకుపోయింది. ఉప్పు నువ్వే వేసుకో అని మొదట ఎవరు అన్నారో, ఎవరితో అన్నారో, ఎందుకు అన్నారో ఎవరికీ తెలియదు. ఆ పేరువాళ్ళు మొదటినుంచీ కొద్దిమందే. ఎక్కువమంది మొరావియాలో ఉంటారు, అది చెక్ దేశానికి తూర్పు భాగం.

"ఐర్లండ్‌లో నేనొక్కణ్ణే," అన్నాడు అంతోనీన్. "నాతో ఇక్కడ ఈ పేరు సరి." వాన పడేట్టుంది అన్నంత తేలిగ్గా అన్నాడు ఆ మాట.

కొండల్ రావు తొడ చరిచాడు. "మొదట ఎవరన్నరో ఎందుకెరక లేదు? నాకెరక! మా ఇంటిపేరేందో తెలుసా? ఉప్పునూతల. ఉప్పు బావి అని అర్థం. నువ్వు మావోనివే!"

అని అప్పటికప్పుడు అల్లేశాడు. వెనకట ఇద్దరు అన్నదమ్ములుండేవారట. పెద్దవాడు బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళతో వండుకుంటే ఉప్పు వెయ్యాల్సిన పనే లేదు. అయినా ఒకనాడు కూర చప్పగా ఉందని తమ్ముడు ఉప్పడిగితే, బావి ఉందిగా, నువ్వే వేసుకో అన్నాడట అన్న. తమ్ముడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. అలిగి పడమర వైపు నడిచాడు, నడిచాడు, మొరావియా దాకా నడిచాడు. అక్కడి పొలిమేర కావలివాడు పేరేమిటని అడిగితే, పాపం, ఇంటి దగ్గర విన్న ఆఖరి మాట తప్ప ఆయన నోట్లో ఇంకేమీ మిగల్లేదు.

"ఆ తమ్ముని వంశపోడివి నువ్వు. అన్నోళ్ళం మేము," అని ముగించాడు కొండల్ రావు.

అంతోనీన్ కాసేపు ఆలోచించాడు. "నడిచే వచ్చాడా? దారిలో సముద్రం లేదూ?"

"ఎండకాలం వచ్చిండు. నీళ్ళు తక్కువుండె."

అంతోనీన్ నవ్విన నవ్వుకు కప్పులో టీ గడ్డిపాలయింది. ఎవరికి ఏమయిందోనని నాగరత్నం గరిటెతో సహా బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆ పెరట్లో రెండేళ్ళుగా అలాంటి చప్పుడు లేదని తర్వాత అంతోనీన్‌కు అవతలి పక్కింటామె చెప్పింది.

ఆనాటి నుంచి అంతోనీన్‌కు తమ్ముడన్న పిలుపు ఖాయమైంది. నాగరత్నం టిఫిన్ డబ్బాలో పప్పు పోసిస్తే, బట్టల తీగకు ఊతం పెట్టే కర్ర చివర తగిలించి కొండల్ రావు కంచె దాటించేవాడు. అంతోనీన్ మూత తీసి, రుచి కూడా చూడకుండా, ముందు చిటికెడు ఉప్పు వేసుకునేవాడు.

"నా చెయ్యి మీద నమ్మకం లేదా ఆయనకు?" అనేది నాగరత్నం.

"ఇంటిపేరు నిలబెట్టుకోవద్దా మరి?" అనేవాడు కొండల్ రావు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున అంతోనీన్ కిటికీ తెర తీయలేదు. మధ్యాహ్నానికి అంబులెన్సు వచ్చింది. ఒంటినిండా ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్నవాళ్ళు ఆయన్ని స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. మాస్కు వెనక మొహం కనిపించలేదు. కొండల్ రావు తమ ఇంటి కిటికీ అద్దం మీద కొట్టాడు గాని ఆయన ఇటు తిరగలేదు.

మర్నాడు సుధేష్ణ ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. మీరు కుటుంబ సభ్యులా అని నర్సు అడిగింది.

"యెస్! సేమ్ సాల్ట్!" అని అరిచాడు కొండల్ రావు.

సుధేష్ణ ఆయన్ని కళ్ళతోనే ఆపి, పక్కింటివాళ్ళమని నిజం చెప్పింది. అయితే వివరాలు చెప్పకూడదంది నర్సు. ఫోన్ పెట్టెయ్యబోతూ ఆమే మళ్ళీ అడిగింది, ఆయనకు సొంతవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. జ్వరం ఎక్కిన దగ్గర్నుంచి ఆయన ఇంగ్లీషు మరిచిపోయాడట. ఏదో తన భాషలోనే అంటున్నాడు. దప్పికంటున్నాడో నొప్పంటున్నాడో ఎవరికీ తెలియడం లేదు. ఆక్సిజన్ మాస్కు పీకేస్తున్నాడు. ఆ భాష వచ్చినవాళ్ళ కోసం తామూ వెతుకుతున్నామనీ, ఆయన మనిషి ఎవరైనా ఫోన్లో రెండు మాటలు చెప్తే బాగుండుననీ అంది. మాస్కు ఉండాల్సిన చోట ఉండకపోతే ఆయన దక్కడం కష్టమని చెప్పకుండానే చెప్పింది.

సుధేష్ణ ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టింది.

"బిడ్డా, ఆయన ఇంటిపేరోళ్ళను పట్టుకో," అన్నాడు కొండల్ రావు.

"నాయినా, ఇది మన దగ్గర లెక్క కాదు. వాళ్ళల్ల సర్‌నేమ్ సేమ్ అయితే రిలేటివ్స్ అయిపోరు. ఈ కాలనీలనే ఎంతమంది మర్ఫీలు ఉన్నరో చూడు. ఒకరి మొహం ఒకరు చూసుకోరు."

"మర్ఫీలు వేరు. ఇది పిడికెడు మందికి ఉన్న పేరు. అంతా ఒక్క కుండల కూడు తిన్నోళ్ళే అయుంటరు. అంటే దాయాదులు. ఒకరు పోతే మైల పట్టాల్సినోళ్ళు, ఒకరు మంచాన పడితే కదలరా?"

"వాళ్ళకు మైల ఉండదు నాయినా!"

"మైల లేకుంటె లేకపాయె. మనసుంటది గద?"

సుధేష్ణ ఇక వాదించలేదు. ప్రాగ్‌లో అదే ఇంటిపేరున్న ఒకాయన సరదాకి తయారుచేసి పెట్టిన పటం ఒకటి కంప్యూటర్లో దొరికింది. ఆ పేరువాళ్ళు ఉన్నచోటల్లా ఎర్ర చుక్క. మొరావియాలో చారెడు జొన్నలు ఒలకబోసినట్టు గుంపుగా ఉన్నాయి. ప్రాగ్ చుట్టూ కొన్ని, ఆపైన దేశానికొకటి అరా చెదిరిన గింజలు. అన్నిటికన్నా పడమటి కొసన ఐర్లండ్ మీద ఒకే ఒక్క చుక్క. కొండల్ రావు వేలు పెట్టి ఆ చుక్కను తాకాడు.

చిరునామా దొరికినవాళ్ళందరికీ ఉత్తరం కొట్టారు. తండ్రి చెప్పాడు, కూతురు ఇంగ్లీషులో రాసింది, కంప్యూటరు చెక్ భాషలోకి మార్చింది. మీ సోదరుడు అని రాయమన్నాడాయన. అది అబద్ధమని ఆమె, మీ ఇంటిపేరాయన అని రాసింది. ఉప్పు బావి కథ కూడా చేర్చమంటే, అది చదివితే ఒక్కరు కూడా నమ్మరని కొట్టేసింది.

మర్నాడు జవాబులు మొదలయ్యాయి. ఆయనెవరో నాకు తెలియదని ఒకరు. నా చిరునామా నీకెవరిచ్చారని ఇంకొకరు. డబ్బు పంపేది లేదని మూడోవాడు. కొండల్ రావు ముందు ఉప్మా చల్లారిపోయింది. బస్సులో కూర్చున్నట్టే ప్రపంచమంతా తన పక్క సీటులో కూర్చుంటుందనుకున్నాడు. ఇంటిపేరు అడిగి ఖాళీ చేతులతో మిగలడం ఆయనకు ఇదే మొదటిసారి.

"ఇంక చూడకు బిడ్డా," అని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఉండు నాయినా. ఇంకొకటొచ్చింది." సుధేష్ణ చదివింది. "నా పేరు లుద్మిలా. మొరావియాలో బ్ర్నో ఊళ్ళో ట్రాము నడిపి రిటైరయ్యాను. మా తాతలది ఏ ఊరో నాకు తెలుసు. ఆయన తాతలది వేరే ఊరని ప్రాగ్ ఆయన చెప్పాడు. కాబట్టి ఆయన మాకు చుట్టం కాడు. ఆసుపత్రి నంబరు పంపండి."

"ఏందీ? మళ్ళ చదువు."

"చుట్టం కాడు. నంబరు పంపండి."

"డ్రైవరమ్మ!" అని కొండల్ రావు లేచి నిలబడ్డాడు. "డ్రైవరని ముందే అనుకున్న!" అనుకోలేదు గాని, అనుకున్నానని అప్పుడు నిజంగానే నమ్మాడు. కంప్యూటరుకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

ఆ సాయంత్రమే లుద్మిలా ఫోన్ చేసింది. నర్సు ఫోన్ తీసుకెళ్ళి అంతోనీన్ చెవి దగ్గర పెట్టింది. మర్నాడు ప్రాగ్ ఆయన చేశాడు. ఆ తర్వాత ఇంకెవరెవరో. డబ్బు పంపేది లేదన్నవాడు కూడా చేశాడట, డబ్బు సంగతి మళ్ళీ ఒకసారి స్పష్టం చేసి. వారం తిరిగాక నర్సే సుధేష్ణకు ఫోన్ చేసింది. వివరాలు వీళ్ళకు చెప్పొచ్చని అంతోనీనే అన్నాడట.

"హీ ఈజ్ గ్రాండ్ నౌ," అంది నర్సు. "సూపు తాగుతున్నాడు. ఇంత పెద్ద కుటుంబం ఉందని మీరు ముందే చెప్పలేదేం?"

నాగరత్నం దేవుడి ముందు దీపం పెట్టింది. కొండల్ రావు పెరట్లోకి వెళ్ళి ఖాళీ కంచె ముందు ముక్కు చీదుకున్నాడు. జలుబు కాదు.

మే నెలలో, ముళ్ళకంపలన్నీ తెల్లగా పూసినప్పుడు, అంతోనీన్ ఇంటికొచ్చాడు. చొక్కా లోపల మనిషి సగమే ఉన్నాడు. చేతికర్ర మీద కంచె దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఏం చెప్పిందయ్యా ఆ డ్రైవరమ్మ?" అని అడిగాడు కొండల్ రావు.

"మాస్కు పీకితే ఊరుకోను, ముసలాడా. నీకు నేనేమీ కాను, అయినా చెప్తున్నాను అంది." అంతోనీన్ కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఆ యాస మా అమ్మది. ఆ తిట్టూ మా అమ్మదే. నేను నోరు మూసుకుని గాలి పీల్చాను. థాంక్యూ, కొండల్."

"మనల మనకు థాంక్సులేంది?"

"మీ దగ్గర లేకపోవచ్చు. మా దగ్గర ఉంది. థాంక్యూ."

కొండల్ రావు సరేనన్నట్టు తల ఊపాడు.

ఆ ఆదివారం అంతోనీన్ ఎత్తు స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి, ఇటువైపూ కనిపించేలా కంచె వైపు తిప్పాడు. తెర నిండా ఉప్పు నువ్వే వేసుకోలు. వాళ్ళలో వాళ్ళకే అదే మొదటి పరిచయం. ఇంటిపేరు ఎలా పుట్టిందన్న దగ్గర పోట్లాట మొదలైంది. పిసినారి పూటకూళ్ళవాడి మాటని లుద్మిలా అంది. మఠంలో వండి వండి విసిగిన వంటవాడి మాటని ప్రాగ్ ఆయన అన్నాడు. ఇద్దరి దగ్గరా రుజువులు లేవు. అప్పుడు కొండల్ రావు కోతి టోపీ సర్దుకుని ఉప్పు బావి కథ మొదలుపెట్టాడు. అంతోనీన్ నవ్వాపుకుంటూ చెక్‌లోకి మార్చాడు.

"సముద్రం ఎలా దాటాడు?" అని ప్రాగ్ ఆయన గంభీరంగా అడిగాడు.

"ఎండకాలం కదా," అంది లుద్మిలా.

నవ్వులు తగ్గాక ప్రాగ్ ఆయన తన పటం తెరిచాడు. కొత్తగా దొరికినవాళ్ళకు చుక్కలు పెట్టాలన్నాడు. ఒక్కో దేశం అడుగుతూ వచ్చి, "ఐర్లండ్‌లో ఒక్కరే కదా?" అన్నాడు.

అంతోనీన్ కంచె ఇవతలికి చూశాడు. "ఇద్దరు. రెండు చుక్కలు పెట్టు," అని, కొండల్ రావు కోసం అదే మాట ఇంగ్లీషులోనూ చెప్పాడు.

ఏం జరిగిందో కొండల్ రావు తెలుగులో చెప్పేసరికి, డబ్బాతో వచ్చిన నాగరత్నం అక్కడే ఆగిపోయింది. "ఇద్దరేంది? పప్పు పంపింది ఎవరట?"

"మూడు," అన్నాడు అంతోనీన్ వెంటనే. ఆ మాత్రం తెలుగు ఎవరూ మార్చకుండానే ఆయనకు అర్థమైంది.

డబ్బా కర్ర చివర ఊగుతూ కంచె దాటింది. అంతోనీన్ మూత తీసి, రుచి చూడకుండానే చిటికెడు ఉప్పు వేసుకున్నాడు. నాగరత్నం చూసింది. ఆ రోజు ఏమీ అనలేదు.