నంబరు కలవని రిపోర్టు

నీలకంఠానికి ముప్పై ఏళ్ల పాడలవాటు ఒకటుంది. ఏ కాగితం ఇచ్చినా ముందు నంబరు చూస్తాడు, తర్వాతే సంగతి. కార్ఖానా లాబ్‌లో ఉక్కు ముక్కలు పరీక్షించి పరీక్షించి అబ్బిన రోగం అది. శుభలేఖ ఇచ్చినా పిన్‌కోడు సరిచూస్తాడని జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్ పేటలో తెలుగువాళ్లంతా నవ్వుకుంటారు.

ఆ శనివారం ఒక్కసారి చూడకుండా ఉంటే ఎంత బాగుండేది, పాపం!

కూతురు తనుశ్రీ కుడి మోచేతి కింద, కండ లోపల ఉసిరికాయంత గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షిస్తే మామూలు నరపు గడ్డో, కేన్సరో తేలలేదు. మైక్రోస్కోపులో రెండూ ఒక్కలాగే ఉంటాయట. కేన్సరైతే కణాల్లో రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ అతుకు ఉందో లేదో చూడాలన్నాడు సాక్చి పేట డాక్టరు. జంషెడ్‌పూర్‌లో ఆ పరీక్ష లేదు. మైనంలో బిగించిన ముక్కను ముంబయి పంపారు. మూడు వారాలు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

రిపోర్టు వచ్చింది. అతుకు లేదు! నీలకంఠం భార్య కస్తూరమ్మ ఏడుస్తూనే రవ్వలడ్డూలు చుట్టి వీధంతా పంచింది. సోమవారం చిన్న ఆపరేషనుతో గడ్డ తీసేస్తే సరిపోతుందన్నాడు డాక్టరు. చెడ్డదైతే మాత్రం అలా పైపైన తీస్తే మరింత పాకుతుందని మొదట్లో చెప్పిందీ ఆయనే.

నీలకంఠం కాగితం చూశాడు. ముక్క నంబరు 4172. ముక్క పంపిన రోజు తను డైరీలో రాసుకున్నది 4127.

రెండుసార్లు సరిచూశాడు. టైపులో తప్పు పడిందేమో. పేరు సరిపోయింది, వయసు సరిపోయింది. ఇల్లంతా నవ్వుతుంటే నోరెలా తెరవడం? కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. ఒక్క అంకె తేడా వచ్చిందని వంద టన్నుల ఉక్కు ఆపించి ఫోర్‌మన్ చేత తిట్లు తిన్న మనిషి, కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి పిరికివాడైపోయాడు. ఆదివారమంతా జేబు మీద చెయ్యేసుకునే తిరిగాడు.

సోమవారం పొద్దున్న ఆటో ఎక్కబోతూ తనుశ్రీ తండ్రి జేబు మీది చెయ్యి చూసి ఆగింది. "బాబా, సచ్ బోలో," అంది. నిజం చెప్పమంది.

"నంబరు కలవనేదమ్మా," అన్నాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"రెండ్రోజులు నోట్లో ఏటెట్టుకున్నావు?" అంది కస్తూరమ్మ.

తనుశ్రీ కాగితం లాక్కుని చదివింది. ఏడవలేదు. "ఇది నాది కాపోతే, నాది ఎవరి చేతిలో ఉంది బాబా?" అంది.

అలా ఇంకొకరున్నారన్న ఆలోచనే నీలకంఠానికి అంతవరకూ రాలేదు.

ఆపరేషను ఆపించి డాక్టరు ముంబయికి ఫోన్ చేశాడు. పావుగంట లైన్లో ఉంచారు. ముగ్గురూ నిలబడే ఉన్నారు. ఫోన్ పెట్టేశాక డాక్టరు మెల్లగా చెప్పాడు. రెండు పేర్లు తారుమారయ్యాయి. అతుకు ఉన్నది 4127లోనే. తనుశ్రీ రిపోర్టు పట్టుకుని నాగపూర్‌లో ఒకాయనకి ఆ మధ్యాహ్నమే కాలు తీసేయబోతున్నారు. ఆపమని కబురు వెళ్లింది. తనుశ్రీకి కలకత్తాలో పెద్ద ఆపరేషను చెయ్యాలి. చెయ్యి నిలిచే ఆశ ఉందన్నాడు, నిలుస్తుందని మాత్రం అనలేదు.

నంబరు పట్టుకున్నందుకు డాక్టరు నీలకంఠాన్ని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు అతనికి చెంపదెబ్బలా తగిలింది.

"రెండ్రోజులు దాసీసినానమ్మా," అన్నాడు కూతురితో, తలెత్తకుండా.

తనుశ్రీ కుడిచేత్తో తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని వదలడం నీలకంఠం వల్ల కాలేదు.