తడి ఆరని వేళ్ళు

"చెయ్యి తుడుచుకుని ఒకసారి ఇటు రా."

ఆ ఇంట్లో ఆమెను పిలవడమంటే ఇదే. ఆమె ఎక్కడుందో ఎవరూ వెతకనక్కర్లేదు. సింకు దగ్గరుంటుంది, లేదా బట్టల బకెట్ దగ్గరుంటుంది, అదీ కాకపోతే బాత్రూం గచ్చు రుద్దుతూ ఉంటుంది. భర్తకు టీవీ రిమోట్ దొరక్కపోయినా అదే పిలుపు, అత్తగారికి కళ్ళజోడు కనపడకపోయినా అదే పిలుపు. పాతికేళ్ళుగా వింటున్న ఆ మాటలో తప్పుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. చేతులు తడిగా ఉండటం వాళ్ళు కనిపెట్టినందుకు కొత్తలో సంతోషపడింది కూడా.

గిటార్ నేర్చుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పని ఆమెది. ల్యాబ్ నుంచి బస్టాపుకు వెళ్ళే దారిలో జిరాక్స్ షాపు మేడ మీద గిటార్ క్లాసు ఉంది. సాయంత్రాలు కిటికీలోంచి తప్పుల తడకగా ఏదో పాట వినిపించేది. మొదలుపెట్టేవాళ్ళు, ఆగిపోయేవాళ్ళు, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. బాగా వాయించి ఉంటే విని వెళ్ళిపోయేదే. ఆ తప్పులు విన్నాకే ఇది తనకూ వస్తుందని ధైర్యం కలిగింది. ఒకరోజు బస్సు వదిలేసి మెట్లెక్కింది.

"ఎవర్ని చేర్పించాలి మేడమ్? బాబునా, పాపనా?" అన్నాడు మాస్టారు. ఆమె కొడుకు వయసుంటుంది.

"నన్నే."

అతను రెండోసారి అడగలేదు. ఆ ఒక్కదానికే అతని మీద గౌరవం కలిగింది. తన జీతంతో గిటార్ కొనుక్కుని, నల్ల సంచిలో భుజాన వేసుకుని ఇంటికెళ్ళింది.

"రోజంతా బడి బస్సులో పిల్లల గోలకి చెవులు పోతున్నాయి. ఇంట్లో ఇదొకటా?" అన్నాడు భర్త. అతను బడి బస్సు డ్రైవరు.

"ఈ వయసులో నీకిదేం సరదా అమ్మాయ్! నలుగురూ వింటే నవ్వుతారు" అంది అత్తగారు.

కొడుకు మొబైల్ షాపు నుంచి అప్పుడే వచ్చాడు. "ఫోన్‌లో నొక్కితే వెయ్యిమంది వాయిస్తారు కదమ్మా, నువ్వు కష్టపడటం ఎందుకు?"

"ఫోన్‌లో నొక్కితే వెయ్యిమంది తింటూ కూడా కనిపిస్తారు. నువ్వు మానేస్తావా మరి?" అంది కూర వడ్డిస్తూ.

అత్తగారు కూడా నవ్వేసింది. నవ్వుకున్నారు, ఊరుకున్నారు. పని ఆగనంతవరకు ఆ ఇంట్లో దేనికీ అడ్డు చెప్పేవాళ్ళు కాదు.

కుడి చెయ్యి మొదటివారమే దారిలో పడింది. తాళం తప్పడం లేదని మాస్టారు అందరి ముందూ మెచ్చుకున్నాడు. తంటా అంతా ఎడమ చేతితోనే. ఉక్కు తీగను వేలి కొసతో అదిమితేగాని శబ్దం స్వచ్ఛంగా రాదు, అదిమితే ప్రాణం పోయేది. అందరికీ మొదట్లో ఇంతేనట. కొన్నాళ్ళకు వేళ్ళ కొసలు కాయలు కాసి, నొప్పే తెలియదట. తోటివాళ్ళకు అలాగే అయింది. రిటైరయిన పోస్ట్‌మాన్ ఒకాయన తన వేళ్ళతో బల్ల మీద టకటకా కొట్టి చూపించి మురిసిపోయాడు. ఆమె వేళ్ళు మాత్రం గట్టిపడినట్టే పడి, ఉడికిన దుంప తొక్కలా పొరలు పొరలుగా లేచిపోయేవి. కింద లేత ఎరుపు. మళ్ళీ మొదటికి. ఒకరోజు తీగకు రక్తం అంటింది.

మాస్టారు ఆమె వేళ్ళను కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. "రోజులో మీ చేతులు ఎంతసేపు నీళ్ళలో ఉంటాయి?"

చెప్పబోయి ఆగిపోయింది. ఎంతసేపు ఉండవో చెప్పమంటే తేలికగా చెప్పేది.

"నానిన చర్మం కాయ కాయదు, చినుగుతుంది. నీళ్ళ పనంతా అయిపోయాక ఓ రెండు గంటలు ఆగి గిటార్ పట్టుకోండి."

ఆమెకు నవ్వొచ్చింది. "అయిపోయాకా? మాస్టారూ, మీ ఇంట్లో గిన్నెలు ఎవరు కడుగుతారు?"

"మా అమ్మ" అని నాలుక్కరుచుకున్నాడు. కాసేపు తీగలు సవరించి, ఈసారి కళ్ళలోకి చూసి చెప్పాడు. "నిజం చెప్తున్నా మేడమ్. ముందు ఈ పుండ్లు మానాలి, తర్వాత వేళ్ళు గట్టిపడాలి. అంతవరకు ఇంట్లో నీళ్ళ పని మానాలి. లేదా గిటార్ మానాలి. రెండూ కలిపి చేస్తే చీము పడుతుంది. నేను మిమ్మల్ని వాయించనివ్వను."

గ్లౌజుల సంగతి ఆమెకు తట్టకపోలేదు. ల్యాబ్‌లో గ్లౌజులు లేకుండా గాజు ముక్క ముట్టుకుంటే సూపర్‌వైజర్ కేకలేస్తాడు. ఒక జత కొని ఇంట్లోనూ వేసుకుంది. "మేం తిన్న కంచాలు ముట్టుకుంటే ఏదైనా అంటుకుంటుందా?" అని అత్తగారు మొహం ముడుచుకుంది. ఆ మాటకైతే ఓర్చుకునేదే. కానీ ల్యాబ్ గంటలకు ఇంటి గంటలు తోడయ్యేసరికి గ్లౌజుల లోపల చెమటకే వేళ్ళు నానిపోయాయి.

ఆ సంగతి ల్యాబ్‌లో తనతో పనిచేసే చెల్లెలు లాంటి అమ్మాయికి చెప్పింది.

"ఇంత చిన్నదానికి ఇంత ఆలోచనెందుకక్కా? చర్మం జబ్బని చెప్పెయ్. పై అంతస్తు డాక్టర్‌తో నీళ్ళు తగలకూడదని చీటీ రాయించి తెస్తా. నేను నడుం నొప్పని చెప్పి ఆర్నెల్లు ఇల్లు తుడవలేదు."

"ఇప్పుడు తగ్గిందా?"

"వస్తే కదా తగ్గడానికి!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. బస్సెక్కి కూర్చున్నాక మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. ఆ ఉపాయం పారుతుందని తెలుసు. ఒకసారి చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నప్పుడు ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడింది. అత్తగారు దగ్గర కూర్చుని తినిపించింది. భర్త గిన్నెలు కడిగి, ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ "అన్నీ నేనే చూసుకుంటున్నా" అని చెప్పాడు. అదేం నటన కాదు. ఆమె జబ్బు పడితే ఆ ఇంటికి నిజంగానే దిగులు. కట్టు విప్పిన రోజు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి సింకు నిండా గిన్నెలున్నాయి. ఇక కడగొచ్చు కదా అని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. తనే చెయ్యి పెట్టేసింది. ఇప్పుడూ అంతే అవుతుంది. పైగా జబ్బు చేతులతో గిటార్ ఎలా పట్టుకుంటుంది? ఇంట్లో ఎవరూ లేనప్పుడు దొంగలా వాయించుకోవాలి. తన జీతంతో కొనుక్కున్నదాన్ని!

ఆ సాయంత్రం టీ గ్లాసు అందిస్తుంటే భర్త ఆమె వేళ్ళు చూశాడు.

"ఏమిటిది? ఇలా చూపించు."

చేతిని తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ తిప్పి చూశాడు. అలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో. "ఇంతయ్యేదాకా చెప్పవేం? అమ్మా, చూశావా?"

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుంది. "అయ్యో, తోలంతా లేచిపోయిందే తల్లీ! ఇవాళ్టి నుంచి సింకు వైపు వెళ్ళావంటే ఊరుకోను."

"నేను కడిగేస్తాలే నాన్నమ్మా" అన్నాడు కొడుకు, ఫోన్ పక్కన పెట్టి.

"డాక్టరేమన్నాడు? నీళ్ళు తగలకూడదన్నాడా?" అన్నాడు భర్త.

ఆమెకు కావలసినవన్నీ ముగ్గురి నోటా వచ్చేశాయి. అబద్ధం కూడా ఆమె ఆడనక్కర్లేదు. ఊఁ అంటే చాలు. ఆ చేతి వెచ్చదనం కూడా బాగుంది. ఊఁ అనాలని గొంతుదాకా వచ్చింది.

చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"డాక్టర్ కాదండీ, గిటార్ మాస్టారు అన్నాడు. జబ్బేం లేదు నాకు. తీగలకి చర్మం లేచింది. నేర్చుకోవాలంటే వేళ్ళు గట్టిపడాలి, అందుకు అవి పొడిగా ఉండాలి. ఇంట్లో నీళ్ళ పని ఇక మీరు పంచుకోండి."

భర్త మొహం చూస్తే, జబ్బయి ఉంటే బాగుండుననుకున్నట్టు ఉంది.

"గిటార్ కోసమా?"

"గిటార్ కోసమే."

అత్తగారు కళ్ళజోడు తీసేసింది. "నేనింకా ఏ రోగమో అనుకుని హడలిపోయాను."

"రోగమైతే కడిగేవాళ్ళు కదా అత్తయ్యా?"

"రోగమైతే ఎవరు కడగరు?"

"గిన్నెలు అవే కదా. నాకు ఒంట్లో బాగున్నంత మాత్రాన వాటికి జిడ్డు తగ్గదు."

కొడుక్కి నవ్వొచ్చింది. తండ్రి చూపు చూసి మింగేశాడు.

"సరే, ఎన్నాళ్ళు? వేళ్ళు గట్టిపడేదాకానా?" బేరానికి దిగాడు భర్త.

"గట్టిపడేదాకా గిటార్ కోసం. ఆ తర్వాత నావంతు నేనూ కడుగుతాను. తినేది నలుగురం కదా."

"రేపు పొద్దున టీకి గిన్నె కూడా లేదు. ఎలా మరి?"

"అది మీరు ముగ్గురూ మాట్లాడుకోండి."

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. కోపం లేదు. మాటలు వినపడితే మధ్యలో తనే లేచి వెళ్తుందేమోనని, అంతే. అవతల గొంతులు పెరిగాయి. "నాకేం తెలుసు" అంది ఒకటి, "నేనెప్పుడైనా చేశానా" అంది ఇంకొకటి. చాలాసేపటికి కుళాయి తిప్పిన చప్పుడైంది. ఎవరు తిప్పారో ఆమె చూడలేదు.

గిటార్ ఒళ్ళోకి తీసుకుంది. పుండ్లు మానేదాకా ఎడమ చేతితో తీగలు అదమొద్దన్నాడు మాస్టారు. అందుకే ఒట్టి తీగలనే కుడి చేత్తో మీటుతూ తాళం చూసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తాళం తప్పలేదు. ఎడమ చెయ్యి మోకాలి మీద వెల్లకిలా పడి ఉంది, ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా, నిదానంగా ఆరుతూ.